వారసత్వం సంగతి చివర్లో చూద్దాం

ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ అంటే ఏమిటని మన ఇంజినీరింగ్ పిల్లల్ని ఎవర్నైనా అడిగి చూడండి. ఊపిరి తీసుకోకుండా నాలుగు పేర్లు చెప్పేస్తారు: ఎన్‌క్యాప్సులేషన్, అబ్‌స్ట్రాక్షన్, ఇన్‌హెరిటెన్స్, పాలిమార్ఫిజం. చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పినట్టే. ఆ వెంటనే జంతువులొస్తాయి. కుక్క ఒక జంతువు, పిల్లి ఒక జంతువు, కుక్క భౌభౌ అంటుంది, పిల్లి మ్యావ్ అంటుంది. సరే బాబూ, ఒక లైబ్రరీకి ప్రోగ్రాం రాయాలి, ఫలానా పుస్తకం ఇప్పుడు ఎవరి దగ్గరుందో ఏ ఆబ్జెక్ట్ గుర్తుపెట్టుకోవాలి అని అడగండి. నిశ్శబ్దం.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. తప్పు ఆ పిల్లలది కాదు. మనం నేర్పే వరుసే తలకిందులుగా ఉంది. ఇన్‌హెరిటెన్స్ అన్నిటికంటే చివర చెప్పాల్సిన విషయం, దాన్ని మొదటి రోజే ఎత్తుకుంటాం. మొదటి రోజు చెప్పాల్సింది "ఈ సమాచారానికి కాపలా ఎవరు?" అన్న ఒక్క ప్రశ్న. దాన్నేమో "వేరియబుల్స్ ముందు ప్రైవేట్ అని రాయండి, గెటర్లూ సెట్టర్లూ పెట్టండి" అని రెండు నిమిషాల్లో దాటేస్తాం.

ఇదేదో పండితుల చర్చ అనుకోకండి. అమెరికాలో మా ఊళ్ళో శని ఆదివారాలు కొంతమందికి ప్రోగ్రామింగ్ చెప్తుంటాను. ఎమ్మెస్ చదవడానికి కొత్తగా వచ్చిన పిల్లలు కొందరు. పెళ్ళి చేసుకుని వచ్చి, ఏళ్ళ తరబడి డిపెండెంట్ వీసా మీద ఇంట్లో ఉండి, ఇప్పుడు వర్క్ పర్మిట్ చేతికొచ్చి ఉద్యోగం వెతుక్కుంటున్న ఆడవాళ్ళు కొందరు. తెలివితేటల్లో ఎవరూ ఎవరికీ తీసిపోరు. కానీ చాలామంది నోట ఒకటే మాట, "కోడింగ్ నా వల్ల కాదండీ" అని. కుక్కా పిల్లీ ఉదాహరణ అర్థం కానివాళ్ళు వీళ్ళలో ఒక్కరూ లేరు. దాంతో ఏం చెయ్యాలో అర్థం కాక, ఆ లోపం తమదే అనుకుని ఆగిపోయినవాళ్ళే అందరూ. ఒక చెత్త ఉదాహరణ వల్ల ఒక మనిషి తన బతుకుతెరువు దారి మార్చేసుకోవడం నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది.

ఆ ఉదాహరణలో చెత్త ఏముంది అంటారా? ఆ కుక్కకి గుర్తుపెట్టుకోవాల్సిందేమీ లేదు. అది కాపాడాల్సిన నియమం ఏదీ లేదు. ఎవరైనా వచ్చి దాన్ని పాడుచేసే ప్రమాదమూ లేదు. అలాంటప్పుడు ఆబ్జెక్ట్ ఎందుకు? భౌభౌ అని తెరమీద చూపించడానికి ఒక్క లైను చాలు కదా. జబ్బు చూపించకుండా మందు ఇస్తే రుచి తెలుస్తుంది తప్ప గుణం తెలియదు.

జబ్బు ఉన్న ఉదాహరణ మన ఇళ్ళల్లోనే ఉంది. చీటీ. మన వీధిలోనో అపార్ట్‌మెంట్‌లోనో ఒక ఆవిడ చీటీ నడుపుతుంటుంది. 20 మంది సభ్యులు, నెలకి 5,000 చొప్పున 20 నెలలు. అంటే ప్రతి నెలా పోగయ్యేది 1,00,000. నెలనెలా పాట పెడతారు. అవసరం ఉన్నవాళ్ళు తగ్గించుకుని పాడతారు. ఈ నెల ఒకావిడ 20,000 తగ్గించుకుని పాడుకుందనుకుందాం. ఆవిడకి 80,000 ముడుతుంది. చీటీ నడిపినందుకు కమీషన్ నూటికి 5 అనుకుంటే 5,000 పోతుంది. మిగిలిన 15,000 ఇరవైమందికీ పంచితే తలా 750. కాబట్టి ఈ నెల ఒక్కొక్కరూ కట్టాల్సింది 4,250. ఒకసారి చీటీ ఎత్తినవాళ్ళు మళ్ళీ పాడకూడదు, కానీ చివరి నెలదాకా వాయిదాలు కడుతూనే ఉండాలి.

దీనికి ప్రోగ్రాం రాయమంటే కొత్తవాళ్ళు సహజంగా ఎలా రాస్తారు? సభ్యుల పేర్లకి ఒక లిస్టు, కట్టిన డబ్బుకి ఒక లిస్టు, చీటీ ఎత్తినవాళ్ళకి ఒక లిస్టు. వాయిదా కట్టించుకునే ఫంక్షన్ ఒకటి, పాట నడిపే ఫంక్షన్ ఒకటి, నెలాఖరు లెక్కకి ఇంకొకటి. ఇందులో తప్పేమీ లేదు. పని జరుగుతుంది. నిజానికి ప్రోగ్రాం ఇంత చిన్నదైతే ఇలాగే రాసుకోవాలి కూడా. చిక్కు వచ్చేది ప్రోగ్రాం పెరిగాక. మొబైల్ నుంచి పాట పాడే సదుపాయం ఇంకొకరు రాస్తారు. పాత లెక్కలు దిద్దుకునే స్క్రీన్ మరొకరు రాస్తారు. ఆ మూడు లిస్టులూ అందరికీ అందుబాటులో ఉన్నాయి, ఎవరు పడితే వాళ్ళు మారుస్తున్నారు.

ఈ ఉదాహరణ చెప్తున్నప్పుడు ఒకావిడ చెయ్యెత్తింది. అంతకుముందు మూడు వారాలు ఒక్క ప్రశ్న కూడా అడగని మనిషి. "అయితే సార్, ఎత్తినవాళ్ళు మళ్ళీ పాటకి రాకుండా చూసే పని ఎవరిది? మొబైల్ రాసినాయన మర్చిపోతే?" అంది. తర్వాత తెలిసింది, ఇక్కడికి రాకముందు గుంటూరులో వాళ్ళ అపార్ట్‌మెంట్లో ఆవిడే నాలుగేళ్ళు చీటీలు నడిపిందట. "మేమైతే పుస్తకం ఎవరి చేతికీ ఇవ్వం సార్. ఏం కావాలన్నా నన్నడగాలి, నేనే రాయాలి" అంది.

ఎన్‌క్యాప్సులేషన్ అంటే ఇదే. పూర్తిగా ఇదే. ఆవిడకి ఆ ఇంగ్లీషు మాట తెలియక్కర్లేదు, దాని ప్రాణం నాలుగేళ్ళుగా తెలుసు. చీటీ పుస్తకమూ, చీటీ నియమాలూ ఒకే మనిషి దగ్గర ఉంటాయి. బయటివాళ్ళు పుస్తకం ముట్టుకోరు. "ఈ నెల వాయిదా తీసుకోండి", "నా పాట ఇంత", "నేనెంత కట్టాలి" అని అడుగుతారు. ఆవిడ నియమం చూసుకుని సరే అంటుంది, లేదా "మీరు కిందటి నవంబరులో ఎత్తేశారుగా" అని పంపించేస్తుంది. ప్రోగ్రాంలో ఆవిడ స్థానంలో కూర్చునేదే చీటీ అనే ఆబ్జెక్ట్. ఎత్తినవాళ్ళ లిస్టు దాని లోపల ఉంటుంది. ఆ నియమం ఒక్కచోటే రాసి ఉంటుంది. మొబైల్ నుంచి వచ్చినా, కంప్యూటర్ నుంచి వచ్చినా, పాట ఆ ఒక్క గుమ్మంలోంచే లోపలికి వెళ్ళాలి. ఒకరు మర్చిపోతే కొంప మునిగే అవకాశమే లేదు.

ఇప్పుడు గెటర్లూ సెట్టర్ల సంగతి చూడండి. క్లాసు రాయగానే ప్రతి వేరియబుల్‌కీ ప్రైవేట్ అని తగిలించి, ఎడిటర్‌లో ఒక్క బటన్ నొక్కి అన్నిటికీ గెటరూ సెట్టరూ పుట్టించడం మనవాళ్ళకి అలవాటైపోయింది. తలుపుకి తాళం వేసి, తాళంచెవి ఆ తాళానికే వేలాడదీసినట్టు. "ఎత్తినవాళ్ళ లిస్టు ఇది, మార్చుకో" అని సెట్టర్ ఇచ్చాక ప్రైవేట్ అన్న మాటకి అర్థం ఏముంది? చీటీ నడిపే ఆవిడ పుస్తకం బీరువాలో పెట్టి, అడిగినవాళ్ళందరికీ బీరువా తాళాలిచ్చినట్టే కదా. లిస్టు మార్చే సెట్టర్ అక్కర్లేదు. "పాట పూర్తిచెయ్యి" అనే పని ఉండాలి, లిస్టు మారడం దాని లోపల జరగాలి. బయటకి కనబడాల్సింది పనుల పేర్లు. అరల పేర్లు కావు.

క్లాసుకీ ఆబ్జెక్టుకీ తేడా కూడా ఇక్కడే తేలిపోతుంది. పుస్తకాల్లో ఇంటి ప్లానూ ఇల్లూ అని చెప్తారు. బాగానే ఉంటుంది కానీ కట్టిన ఇల్లు రోజూ మారదు, ఆబ్జెక్ట్ మారుతుంది. ఆ ఆవిడే రెండు చీటీలు నడుపుతోందనుకోండి, ఒకటి 5,000 చీటీ, ఇంకొకటి 2,000 చీటీ. నియమాలు రెండిటికీ ఒకటే. ఆ నియమాలే క్లాసు. పుస్తకంలో పేజీలు వేరు, ఎవరు కట్టారు ఎవరు ఎత్తారు అన్నది వేరు. ఆ ఒక్కో చీటీ ఒక ఆబ్జెక్ట్. ఒకదాంట్లో ఎత్తినంత మాత్రాన రెండోదాంట్లో ఎత్తినట్టు కాదు. సరిగ్గా ఒకే మొత్తంతో, ఒకే సభ్యులతో రెండు చీటీలు మొదలుపెట్టినా అవి రెండు చీటీలే. చూడ్డానికి ఒకలా ఉండటం వేరు, అదే అయి ఉండటం వేరు. జావాలో రెండు వస్తువుల్ని పోల్చడానికి రెండు పద్ధతులు ఎందుకున్నాయో ఈ వాక్యం అర్థమైనవాళ్ళకి మళ్ళీ చెప్పక్కర్లేదు.

అబ్‌స్ట్రాక్షన్ గురించి ఎక్కువ చెప్పడానికేమీ లేదు. సభ్యురాలికి కావాల్సింది "ఈ నెల నేనెంత కట్టాలి?" అన్నదానికి జవాబు. 4,250. పాట, కమీషన్, పంపకం ఇవన్నీ ఆ జవాబు వెనకాల ఉన్నాయి. రేపు కమీషన్ లెక్క మారినా ఆవిడ అడిగే ప్రశ్న మారదు. అంతే.

పాలిమార్ఫిజం కొంచెం ఆగి చూడాల్సిన విషయం. కొన్ని చోట్ల పాట ఉండదు, చీట్లు తీస్తారు. ఎవరి పేరొస్తే వాళ్ళకి ఆ నెల. దీన్ని ప్రోగ్రాంలో ఎలా చేర్చాలి? "పాట అయితే ఇలా చెయ్యి, డ్రా అయితే అలా చెయ్యి" అని నియమం ఉన్న ప్రతిచోటా రాయొచ్చు. మూడో పద్ధతి వచ్చినప్పుడు అన్ని చోట్లా వెతుక్కుని మార్చాలి. అలా కాకుండా, ఎంపిక అనే పని ఒక విడి ఆబ్జెక్టుకి అప్పగించండి. చీటీ దాన్ని "ఈ నెల ఎవరికి, ఎంత?" అని మాత్రమే అడుగుతుంది. అవతల ఉన్నది పాట అయితే పాట నడిపి చెప్తుంది, డ్రా అయితే చీట్లు తీసి చెప్తుంది. అడిగేవాళ్ళ ప్రశ్న ఒకటే, చేసేవాళ్ళ తీరు వేరు. గమనించండి, ఇక్కడ ఎవరూ ఎవరికీ కొడుకూ కాదు, తండ్రీ కాదు. ఇద్దరూ ఒకే ప్రశ్నకి జవాబు చెప్పగలరు, అంతే సంబంధం. ఇన్‌హెరిటెన్స్ లేకుండా పాలిమార్ఫిజం రాదని మన నోట్సుల్లో రాసి ఉంటుంది. అది నిజం కాదు. జావాలో ఇంటర్‌ఫేస్ ఉన్నది ఇందుకే.

మరి ఇన్‌హెరిటెన్స్ ఎందుకు పుట్టింది? దాని కథ నాకిష్టం. 1960లలో నార్వేలోని ఓస్లోలో ఓలే యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ అనే ఇద్దరు సిమ్యులా అనే భాష తయారుచేశారు. నిజ ప్రపంచంలో జరిగే పనుల్ని కంప్యూటర్లో నడిపి చూడటం దాని ఉద్దేశం. వాళ్ళు తలబద్దలు కొట్టుకున్న ఉదాహరణల్లో ఒకటి, వంతెన మీద టోల్ గేటు. వరుసలో లారీలున్నాయి, బస్సులున్నాయి. లారీకి సరుకు లెక్క, బస్సుకి ప్రయాణికుల లెక్క. కానీ క్యూలో నిలబడేటప్పుడు రెండూ వాహనాలే. ఆ ఉమ్మడి భాగాన్ని మళ్ళీ మళ్ళీ రాయకుండా, క్యూ మాత్రం తేడా చూడకుండా ఉండేదెలా? ఆ ఆలోచనలోంచే సిమ్యులా 67లో మనం ఇవాళ ఇన్‌హెరిటెన్స్ అంటున్నది వచ్చింది. అంటే ముందు పని ఉంది, చిక్కు ఉంది, ఆ తర్వాతే సాధనం వచ్చింది. మనం పాఠాల్లో పనిని తీసేసి సాధనం మిగుల్చుకున్నాం, లారీలూ బస్సులూ పోయి కుక్కలూ పిల్లులూ వచ్చాయి.

కేంబ్రిడ్జ్‌లో సిమ్యులా వాడి చూసిన బియార్నె స్ట్రౌస్ట్రప్ 1979లో బెల్ ల్యాబ్స్‌లో సీ భాషకి క్లాసులు చేర్చడం మొదలుపెట్టాడు, అదే సీ ప్లస్ ప్లస్ అయింది. 1995లో జావా వచ్చింది. మన కాలేజీలకి చేరిన దారి ఇదే. ఇంకో దారి కూడా ఉంది. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ అన్న మాట పుట్టించిన అలన్ కే జీవశాస్త్రం కూడా చదువుకున్నవాడు. ఆయన మనసులో ఉన్న బొమ్మ శరీరంలోని కణాలది. ఒక్కో కణం తన లోపలి సంగతి తన దగ్గరే పెట్టుకుంటుంది, మిగతావాటితో సందేశాలు ఇచ్చిపుచ్చుకుంటుంది. ఆబ్జెక్ట్ అన్న పేరు పెట్టినందువల్ల అందరి దృష్టీ చిన్న విషయం మీదకి పోయిందనీ, అసలు విషయం సందేశాలేననీ ఆయన 1998లో బాధపడ్డాడు కూడా. చీటీ ఆవిడని వచ్చి అడగడమే తప్ప పుస్తకం లాక్కోకపోవడం అన్నాం చూడండి, అదే ఇది.

ఇన్‌హెరిటెన్స్‌ని తెలుగులో వారసత్వం అంటారు. ఆ మాట అనుకోకుండా సరిగ్గా కుదిరింది. వారసత్వంలో ఆస్తితో పాటు అప్పులూ వస్తాయి. జావా లైబ్రరీలోనే చూడండి. స్టాక్ అంటే పళ్ళాల దొంతర, పైన పెట్టాలి, పైనుంచి తియ్యాలి. కానీ జావాలో స్టాక్‌ని వెక్టర్ అనే లిస్టుకి వారసుడిగా చేశారు. రాసిన కోడ్ మళ్ళీ రాయక్కర్లేదు, అది ఆస్తి. వెక్టర్‌లో ఎక్కడైనా మధ్యలో దూర్చే సదుపాయం ఉంది, అదీ వచ్చేసింది, అది అప్పు. ఇవాళ్టికీ జావా స్టాక్‌లో దొంతర మధ్యలోకి పళ్ళెం దూర్చొచ్చు. తీసేద్దామంటే పాత ప్రోగ్రాములు ఆగిపోతాయి. అందుకే స్టాక్ కావాలంటే డెక్ వాడుకోండని జావా డాక్యుమెంటేషనే చెప్తోంది. అంత పెద్దవాళ్ళకే తప్పనిది, ప్రోగ్రామింగ్ మొదలుపెట్టిన రెండోరోజు పిల్లలకి తప్పుతుందా?

పక్షి ఎగురుతుంది అని రాసి, నిప్పుకోడిని పక్షికి వారసుణ్ణి చేస్తే ఏమవుతుంది? నిప్పుకోడి పక్షే, అందులో అబద్ధం లేదు. కానీ ఎగిరించమని పిలిచిన ప్రోగ్రాం బోర్లా పడుతుంది. "ఇది అదే" అన్నంత మాత్రాన సరిపోదు, అది నిలబడే ప్రతిచోటా ఇది కూడా ఎవరినీ బోల్తా కొట్టించకుండా నిలబడాలి. 1987లో బార్బరా లిస్కోవ్ ఒక ప్రసంగంలో చెప్పిన సూత్రం సారాంశం ఇదే. ఆవిడకి 2008 ట్యూరింగ్ అవార్డు వచ్చింది. మన సిలబస్‌లో కుక్కకి ఉన్నంత చోటు ఆవిడకి లేదు.

ఇంకో చిక్కు ఉంది. చీటీకే వద్దాం. పాటచీటీ, డ్రాచీటీ అని ఇద్దరు వారసుల్ని పెట్టామనుకోండి. వారంవారం కట్టేవీ, నెలనెలా కట్టేవీ ఉన్నాయి. నాలుగయ్యాయి. షూరిటీ అడిగేవీ అడగనివీ ఉన్నాయి. ఎనిమిదయ్యాయి. అదే ఎంపిక పద్ధతి ఒక ఆబ్జెక్ట్, వాయిదా గడువు ఒక ఆబ్జెక్ట్, షూరిటీ నియమం ఒక ఆబ్జెక్ట్ చేసి చీటీ చేతికిస్తే, ఎవరికి కావాల్సింది వాళ్ళు కలుపుకోవచ్చు. నలుగురు రచయితలు కలిసి రాసిన డిజైన్ పాటర్న్స్ పుస్తకం 1994లోనే వారసత్వం కంటే ఇలా కూర్చుకోవడం మేలని గట్టిగా చెప్పింది. ఆ తర్వాత వచ్చిన గో, రస్ట్ లాంటి భాషలు క్లాసుల వారసత్వం లేకుండానే బతుకుతున్నాయి. లేకపోయినా నడిచేదాన్ని పునాది అని ఎలా అంటాం?

వారసత్వం అసలు వద్దని అనడం లేదు. టోల్ గేటు దగ్గర వాహనాల్లాంటి సందర్భం నిజంగా ఎదురైతే వాడాల్సిందే. కానీ అది ఇంట్లో గడ్డపలుగు లాంటిది. అవసరం పడే రోజు వస్తుంది, అలాగని వంట నేర్పేటప్పుడు మొదట చేతికిచ్చేది అది కాదు.

"ఇంటర్వ్యూల్లో ఆ నాలుగు పేర్లే అడుగుతారు కదండీ, మరి ఏం చెయ్యమంటారు?" అని నన్ను చాలామంది అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అద్దె కట్టుకోవాల్సినవాళ్ళకి సిద్ధాంతాలు చెప్తే ప్రయోజనం లేదు. పేర్లు నేర్చుకోండి, తప్పులేదు. కానీ ప్రతి పేరు పక్కనా మీకు బాగా తెలిసిన పనిలోంచి ఒక ఉదాహరణ పెట్టుకోండి. ఇంటర్వ్యూ చేసే బల్లకి అవతలవైపు నేనూ కూర్చుంటుంటాను. పొద్దుటినుంచి కుక్క కథ వినీ వినీ ఉన్నవాడికి, "మా చీటీలో ఎత్తినవాళ్ళ లిస్టు ఎవరి చేతికీ ఇవ్వం, ఎందుకంటే" అని ఒకరు మొదలుపెడితే నిద్ర వదులుతుంది. ఆ తర్వాత సంభాషణ వేరే స్థాయిలో జరుగుతుంది.

"ఇప్పుడు ఏఐ క్లాసులన్నీ రాసిచ్చేస్తోంది, ఇవన్నీ ఎందుకు?" అనేవాళ్ళూ ఉన్నారు. రాసిస్తుంది నిజమే. అడగ్గానే అరవై గెటర్లూ సెట్టర్లూ కూడా రాసిస్తుంది. ఎత్తినావిడ మళ్ళీ పాటకొస్తే ఏం చెయ్యాలన్నది మీరు అడిగితేనే కదా చెప్పేది? నియమం ఎవరి దగ్గర ఉండాలో తేల్చడం టైపింగ్ పని కాదు. టైపింగ్ చవకైన కొద్దీ ఆ తేల్చే పని విలువ పెరుగుతుంది.

చివరిగా భాష సంగతి. ఆబ్జెక్ట్, క్లాస్ అన్న మాటల్ని తెలుగు చెయ్యాలన్న పట్టుదల నాకు లేదు. క్లాసుని తరగతి అంటే పదో తరగతి గుర్తొస్తుంది, అయోమయం రెట్టింపవుతుంది. ఆ మాటలు అలాగే ఉండనివ్వండి. వివరణ మాత్రం తెలుగులో జరగాలి, ఉదాహరణలు మన బతుకుల్లోంచి రావాలి. తెలుగు మీడియంలో చదివినవాళ్ళకి ప్రోగ్రామింగ్ కష్టమన్నది ఒక అపోహ. వాళ్ళకి కష్టమైంది ప్రోగ్రామింగ్ కాదు, అర్థం లేని ఉదాహరణని పరాయి భాషలో కంఠతా పట్టడం.

కాబట్టి మీరు ఎవరికైనా నేర్పుతుంటే, తమ్ముడికో, మరదలికో, పక్కింటి అబ్బాయికో, మొదటి రోజు జంతువుల జోలికి వెళ్ళకండి. వాళ్ళు చేసే పని ఏదో అడగండి. కిరాణా కొట్టు అప్పుల పద్దు కావచ్చు, పాలకేంద్రంలో వెన్న శాతం లెక్క కావచ్చు, గుడిలో అన్నదానం టోకెన్లు కావచ్చు. అందులో ఏది గుర్తుపెట్టుకోవాలి, ఏ నియమం తప్పకూడదు, తప్పకుండా చూసే బాధ్యత ఎవరికివ్వాలి అని మూడు ప్రశ్నలు వెయ్యండి. ఆ మూడిటికీ వాళ్ళు కాగితం మీద తెలుగులో జవాబు రాయగలిగితే సగం ప్రోగ్రాం అయిపోయినట్టే. మిగతా సగం కీబోర్డు ముందు కూర్చుంటే వస్తుంది.